గంగాళమున కొక పేరు, నాచున కదే పేరు

ఆంగ్లములో ‘లేవర్’ అను మాటకు రెండర్థములు గలవు. బైబిలు నిర్గమకాండములో యాజకులు గుడారము ప్రవేశించుటకు ముందు కాళ్లు చేతులు కడుగుకొనిన ఇత్తడి గంగాళ మొకటి. తినెడి సముద్రపు నాచు రెండవది. గంగాళపు పేరు కడుగుట అను లాటిన్ మాటనుండి ఫ్రెంచి మీదుగా వచ్చినది. నాచు పేరు లాటినులో ఒక నీటిమొక్క పేరు. రైతు సోదరులకు కావలసినది ఈ రెండవదే.

వేల్సులో ఈ నాచును గంటల తరబడి ఉడికించి గుజ్జు చేసి, ఓట్ల పిండి అద్ది వేయించి తిందురు. జపానులో దీనినే ‘నోరి’ యని సముద్రములో వలలపై పైరుగా పెంచి, కాగితమువలె పలుచని రేకులుగా ఎండబెట్టుదురు.

అయితే ఈ పైరుకు విత్తన మెక్కడనుండి వచ్చునో పండించువారికే చాలకాలము తెలియదు. నారుమడి ఎక్కడున్నదో ఎరుగక వరి పండించుటవంటిది! వలమీద మొలచినయేడు పంట, మొలవనియేడు పస్తు. మాంచెస్టరులో పరిశోధన చేసిన కాథ్లీన్ డ్రూ-బేకర్ 1949లో ఆ గుట్టు విప్పెను. నాచు విత్తులు చిప్పలలో దూరి, సన్నని గులాబిరంగు పోగులుగా పెరుగును. అంతకుముందు ఆ పోగులను వేరొక జాతి యనుకొనిరి. అటుపిమ్మట జపాను శాస్త్రజ్ఞులు చిప్పలను తొట్లలో పెంచి, విత్తులను వలల కెక్కించు పద్ధతిని రూపొందించిరి. చిప్పయే నారుమడి యన్నమాట.

ఆమె జపానును చూడనేలేదు, 1957లో మరణించెను. 1963లో కుమమోటో ప్రాంతమున అరియాకె సముద్రతీరమున ఆమెకు స్మారకశిల నిలిపిరి. ఏటా ఏప్రిల్ 14న నోరి పండించువారు అచట ఆమెను తలచుకొందురు.