కాఫీ గింజలకు రోలా, ఇసుర్రాయా?

జొన్నల సంచీ నెత్తిన పెట్టుకొనో, సైకిలు వెనుక కట్టుకొనో మీరు ఎప్పుడో ఒకప్పుడు గిర్నికి పోయే ఉంటారు. తూములోంచి పడే పిండి కింద చెయ్యి పెట్టి చూశారా? వెచ్చగా తగులుతుంది. గిర్ని నడిపే మనిషి ఆ పిండిని రెండు వేళ్ల మధ్య నలిపి చూసి, పక్కనున్న పిడిని కొంచెం బిగిస్తాడు. పిండి ఇంకా మెత్తగా వస్తుంది. పిండి ఎందుకు వెచ్చబడింది, పిడి బిగిస్తే ఎందుకు మెత్తబడింది అన్న రెండు ప్రశ్నలకు జవాబు తెలిస్తే చాలు. కాఫీ గింజలు పొడిచేసే విద్యుత్ యంత్రం కొనబోయే మీ అన్నయ్యకో, అక్కయ్యకో మీరే సలహా చెప్పవచ్చు. దుకాణదారు వాట్ల సంఖ్య చూపించి బోల్తా కొట్టించకుండా ఆపనూ వచ్చు.

మన నల్గొండ, మహబూబ్‌నగర్ ప్రాంతంలో తెల్లారితే చాయ్‌దే పెత్తనం. అయినా కాఫీ తాగే ఇళ్లు లేకపోలేదు. కాఫీ మనకు మరీ పరాయిదేమీ కాదు. 17వ శతాబ్దంలో బాబా బుడన్ అనే ఫకీరు యెమెన్ నుంచి గింజలు తెచ్చి కర్ణాటకలోని చిక్కమగళూరు కొండల్లో నాటాడని చెబుతారు. ఇవాళ విశాఖ మన్యంలో గిరిజన రైతులు పండించే అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అటువంటి గింజలు వేయించినవి కొనితెచ్చుకొని, ఏరోజు పొడి ఆరోజు చేసుకుంటే రుచి వేరు. ఎందుకో చూద్దాం.

వేయించిన కాఫీ గింజలో వాసననిచ్చే పదార్థాలు వందల రకాలున్నాయి. అవి తేలికగా ఆవిరైపోతాయి. గింజ గింజగా ఉన్నంతసేపు లోపలే చిక్కుకొని ఉంటాయి. పొడి చేశామా, తలుపులన్నీ తెరిచినట్టే. ఎన్ని తలుపులు? లెక్క వేద్దాం. గింజను 6 మిల్లీమీటర్ల భుజం గల ఘనం అనుకోండి. దాని ఉపరితల వైశాల్యం 216 చదరపు మిల్లీమీటర్లు. దాన్ని అర మిల్లీమీటరు ఘనాలుగా కోస్తే 1,728 ముక్కలవుతాయి. వాటన్నిటి ఉపరితలం 2,592 చదరపు మిల్లీమీటర్లు, అంటే 12 రెట్లు. వేడినీళ్లకు సారం అంత త్వరగా అందుతుంది. గాలికి వాసన కూడా అంత త్వరగానే పోతుంది. పొడి కొని డబ్బాలో నెలల తరబడి దాచుకోవటంలో నష్టం ఇదే.

ముక్కలన్నీ ఒకే సైజులో ఉండటం ఇంకా ముఖ్యం. ఫిల్టరులో ఒకేసారి నీళ్లు పోస్తాం కదా. దుమ్ములాంటి సన్నపొడిలోంచి సారమంతా దిగిపోయి, చివరికి చేదు కూడా దిగుతుంది. పెద్ద పలుకుల్లో సగం సారం లోపలే మిగిలిపోతుంది. పైగా సన్నపొడి ఫిల్టరు రంధ్రాలకు అడ్డుపడి డికాక్షన్ బొట్టు బొట్టుగా కూడా దిగదు. పొడి సమంగా ఉందా లేదా అన్నదే యంత్రానికి అసలు పరీక్ష.

ఇక యంత్రాల సంగతి. బజారులో దొరికేవి ముఖ్యంగా రెండు రకాలు. ఆ రెండూ మీ నాయనమ్మకు ఏనాడో తెలుసు!

మొదటిది బ్లేడు రకం. చిన్న గిన్నె, అడుగున గిరగిర తిరిగే రెక్క. దీన్ని కత్తి అనుకుంటారు గాని, దీని అంచు చాలా యంత్రాల్లో మొద్దుగానే ఉంటుంది. ఇది గింజను కోయదు, కొట్టి పగలగొడుతుంది. అంటే ఇది రోలు, రోకలి వంశం. రెక్క ఈ కొస నుంచి ఆ కొసకు 6 సెంటీమీటర్లు ఉండి, నిమిషానికి 18,000 చుట్లు తిరుగుతుందనుకోండి. సెకనుకు 300 చుట్లు. చుట్టుకొలత సుమారు 19 సెంటీమీటర్లు. కనుక రెక్క కొస సెకనుకు 56 మీటర్లు, అంటే గంటకు 200 కిలోమీటర్ల వేగంతో పోతుంది. నల్గొండ మీదుగా తిరుపతి పోయే వందే భారత్ రైలు కూడా అంత వేగంగా పోదు. ఆ దెబ్బ తగిలిన గింజ పొడి అవుతుంది, తగలనిది పక్కనే క్షేమంగా ఉంటుంది. ఎక్కువసేపు తిప్పితే పెద్దవి పగులుతాయి, ఈలోగా చిన్నవి దుమ్మవుతాయి. ఘర్షణ వల్ల వేడెక్కుతాయి కూడా. గిర్ని పిండి వెచ్చబడిన కారణమే ఇక్కడా.

రెండోది బర్ రకం. రెండు పండ్ల చక్రాలు ఎదురెదురుగా ఉంటాయి. ఒకటి కదలదు, ఒకటి తిరుగుతుంది. గింజ వాటి మధ్య నలిగి, ఆ సందులో పట్టేంత చిన్నదైతేనే బయటికి వస్తుంది. పోల్చుకున్నారా? ఇది అచ్చంగా ఇసుర్రాయి. కింది రాయి స్థిరం, పై రాయి చలం, నడిమి కన్నంలో గింజలు, అంచుల నుంచి పిండి. మన నల్లరాతి ఇసుర్రాయి అరిగి నున్నబడితే, రాళ్లకు గంట్లు పెట్టేవాళ్లను పిలిచి కక్కు కొట్టించేవారు. బర్ చక్రం మీది పండ్లు ఆ గంట్లే. కాకుంటే ఉక్కుతోనో పింగాణీతోనో చేసినవి. గిర్నివాడు బిగించే పిడి వంటిదే ఇందులోనూ ఉంటుంది. సందు తగ్గిస్తే సన్నపొడి, పెంచితే బరక. బ్లేడు రకంలో మెత్తదనాన్ని నిర్ణయించేది కాలం. బర్ రకంలో నిర్ణయించేది దూరం. దూరాన్ని రోజూ ఒకేలా ఉంచటం సులువు. అందుకే పొడి చాలావరకు సమంగా వస్తుంది. పూర్తిగా సమంగా వచ్చే యంత్రం మాత్రం లేదు. గింజ పెళుసు కాబట్టి ఎలా నలిపినా కొంత దుమ్ము రాలుతుంది.

మరి బర్ రకమే కొనేద్దామా? ఆగండి. బ్లేడు రకం వెయ్యి రూపాయల ఇటూ అటూలో దొరికితే, బర్ రకానికి దానికి నాలుగైదు రెట్లో, ఇంకా ఎక్కువో పెట్టాలి. మీ ఇంట్లో మిక్సీ ఉండి, దానికి చట్నీ చేసే చిన్న గిన్నె ఉంటే మీ దగ్గర బ్లేడు యంత్రం ఇప్పటికే ఉన్నట్టు. మళ్లీ అదే సూత్రానికి డబ్బు పోయటం నా దృష్టిలో దండగ. కాకుంటే కారం పట్టిన గిన్నెలో కాఫీ వేయకండి, రెండూ చెడతాయి. కాఫీకి వేరే గిన్నె ఉంచుకోండి. మూడు నాలుగు సెకన్లు తిప్పి ఆపటం, గిన్నె కుదపటం, మళ్లీ తిప్పటం - ఇలా చేస్తే వేడి తగ్గుతుంది. తరువాత జల్లించి, పైన మిగిలిన పలుకులు మళ్లీ వేయండి. రోట్లో మిరపకాయలు దంచిన రోజుల్లో చేసిన పని ఇదే గదా! చికోరీ కలిపిన కాఫీ తాగే ఇంట్లో చికోరీని పొడిగానే విడిగా కొని తరువాత కలుపుకోవచ్చు.

రోజూ రెండుపూటలా గింజల కాఫీయే తాగే ఇల్లయితే బర్ రకం దండగ కాదు. కరెంటు మీద నమ్మకం లేని ఊళ్లో చేతితో తిప్పే బర్ మర ఇంకా మేలు. ఇద్దరి ముగ్గురి కాఫీకి కాసేపు చెయ్యి తిప్పితే చాలు. ఇసుర్రాయి తిప్పిన వంశంలో పుట్టి ఆ మాత్రం తిప్పలేమా!

దుకాణంలో మొదట చూపించేది వాట్లు. వాటు అంటే యంత్రం సెకనుకు ఎంత శక్తి తీసుకుంటుందో చెప్పే కొలత. పొడి ఎంత సమంగా వస్తుందో అది చెప్పదు. 150 వాట్ల యంత్రం 20 సెకన్లు నడిస్తే 3,000 జౌళ్లు ఖర్చు. ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. అంటే ఒక్క యూనిట్‌తో 1,200 సార్లు కాఫీ పొడి చేయవచ్చు. నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్కేంద్రం సామర్థ్యం 815.6 మెగావాట్లు. అది పూర్తిగా పనిచేస్తే ఇటువంటి యంత్రాలు 54 లక్షలు ఒకేసారి తిరుగుతాయి. కాబట్టి కరెంటు బిల్లు గురించి బెంగ వద్దు.

బెంగ పడవలసింది వేళ్ల గురించి. మూత సరిగ్గా కూర్చుంటే తప్ప తిరగని యంత్రమే కొనాలి. ఐఎస్ఐ గుర్తు ఉందో లేదో చూడాలి. లోపల ఇరుక్కున్న పొడి తీసేముందు స్విచ్చి ఆర్పితే చాలదు, ప్లగ్గు పీకాలి. ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ మాట మీరే పట్టుబట్టి చెప్పాలి. పసుపు కొమ్ములు ఈ చిన్న యంత్రాల్లో ఎప్పుడూ వేయకండి. అవి మరీ గట్టివి, రెక్క బిగుసుకొని మోటారు చుట్ట కాలుతుంది. బ్లేడు గిన్నె వాసన పోవటానికి పిడికెడు బియ్యం వేసి తిప్పవచ్చు గాని, బర్ యంత్రంలో ముడి బియ్యం వద్దు. చక్రాల మధ్య అవి పట్టేస్తాయని చాలామంది తయారీదారులే వారిస్తారు.

ఒక తమాషా మిగిలింది. ఎండాకాలంలో కాఫీ పొడి చేస్తే కొంత పొడి గిన్నె గోడలకు అతుక్కుపోయి, దులిపినా రాదు. దువ్వెన కాగితం ముక్కల్ని ఆకర్షించినట్టే, నలిగే గింజల్లో స్థిరవిద్యుత్తు పుడుతుంది. అగ్నిపర్వతాల బూడిద మేఘాల్లో మెరుపులు పుట్టటం కూడా ఈ జాతి సంగతే. 2023లో అమెరికాలోని ఒరెగాన్ విశ్వవిద్యాలయానికి చెందిన శాస్త్రజ్ఞులు అగ్నిపర్వత శాస్త్రజ్ఞులతో కలిసి కాఫీ పొడి మీద ప్రయోగాలు చేశారు. మర ఆడేముందు గింజలకు కొంచెం నీళ్లు తగిలిస్తే ఈ విద్యుత్తు బాగా తగ్గుతుందని చూపించారు. మీరూ చేసి చూడవచ్చు. 20 గ్రాముల గింజలు రెండు కుప్పలు తీసుకోండి. ఒకదానికి నాలుగైదు చుక్కల నీళ్లు కలిపి, రెండోదాన్ని పొడిగానే ఉంచి, వేరువేరుగా మర ఆడించండి. ప్లగ్గు పీకి, గిన్నెను బోర్లించి రాలిన పొడిని తూకం వేయండి. మే నెలలో ఒకసారి, శ్రావణమాసపు ముసురులో ఒకసారి చేసి, రెండు పట్టికలూ పక్కపక్కన పెట్టి చూడండి.