కిలో తగ్గితే వేగం... గొట్టం విరిగితే ప్రాణం
పందెం కారు చక్రాలను పట్టి ఉంచే ‘చేతుల’ కథ

సూర్యాపేట: హైదరాబాద్ - విజయవాడ రహదారి పక్కన ఒక లారీ ఓ వైపుకు ఒరిగి ఆగి ఉండటం ఈ ప్రాంతంవారికి కొత్త దృశ్యం కాదు. టైరు కింద రాయి, వెనుక అడ్డంగా చెట్టు కొమ్మ. డ్రైవరు చెట్టు నీడన కూర్చుని దారి వంక చూస్తుంటాడు. ఏమైందని అడగనక్కరలేదు. కమాను పట్టీ విరిగి ఉంటుంది. మెకానిక్కు వచ్చి జాకీ ఎక్కించి, యూ బోల్టులు ఊడదీసి, విరిగిన పట్టీ తీసి కొత్తది వేస్తాడు. మిర్యాలగూడ మిల్లుల బియ్యమైనా, మేళ్ళచెర్వు, మఠంపల్లి వైపు సిమెంటయినా బరువు బరువే. మోత ఎక్కువైతే కట్టకు మరో పట్టీ చేర్చడం లారీ యజమానుల పాత అలవాటు. ఇనుము పెరిగితే ధైర్యం పెరుగుతుందని లెక్క.

పందెం కారు లెక్క దీనికి సరిగ్గా తలకిందులు. అక్కడ ప్రతి తులం తగ్గించాలని చూస్తారు. ముఖ్యంగా చక్రాన్ని బండికి పట్టి ఉంచే సస్పెన్షన్ ఆర్ములను, అంటే చక్రం పట్టుకునే చేతులను, ఎంత తేలికగా చేయవచ్చో అంత తేలికగా చేస్తారు. ఆ తేలికదనం ఎంతవరకు పోవచ్చు? ఎక్కడ ఆగాలి? ఇది పెద్ద పెద్ద కంపెనీలనే చిక్కుల్లో పడేసిన ప్రశ్న.

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ విద్యుత్ కార్ల పందెం జరిగింది. సూర్యాపేటలో బస్సెక్కితే మూడు గంటల దారి. మామూలు రోజుల్లో ఆటోలు, స్కూటర్లు తిరిగే వీధులనే 2.83 కిలోమీటర్ల పందెం బాటగా మార్చారు. ఫ్రాన్సు దేశపు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. మన దేశపు మహీంద్రా జట్టు కార్లు రెండు అందులో పరుగెత్తాయి. అప్పట్లో మహీంద్రా యంత్రాలనే కొనుక్కుని వాడిన జర్మనీ జట్టు ఆప్ట్ కూడా బరిలో ఉంది.

సరిగ్గా రెండు వారాలకు, ఫిబ్రవరి 25న, అవే జట్లు దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో దిగాయి. పందెం మొదలుకాకముందే మహీంద్రా, ఆప్ట్ జట్లు తమ నాలుగు కార్లను వెనక్కు తీసుకున్నాయి. కారణం వెనుక సస్పెన్షన్ భాగాల మీద అనుమానం. అవి తట్టుకుంటాయన్న నమ్మకం లేకపోయింది. అంత దూరం పోయి, అంత ఖర్చుపెట్టి, కార్లను షెడ్డులోనే నిలబెట్టుకోవడం ఎంత అవమానమో వేరే చెప్పనక్కరలేదు. అయినా డ్రైవర్లను ఎక్కించలేదు. ఆ పని మెచ్చుకోదగ్గది. మార్చి 25న బ్రెజిల్‌లోని సావో పాలోలో రెండు జట్లూ మళ్ళీ పందెంలో దిగాయి. హైదరాబాద్‌లో 2024లో జరగవలసిన పందెం మాత్రం రద్దయింది.

సమ్మెట - చిన్న సుత్తి

ఇంతకీ ఈ చేతులు తేలికగా ఎందుకుండాలి?

దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు ఎడ్లబండి కట్టుకుపోయిన పెద్దలను అడిగితే సగం జవాబు వారే చెబుతారు. బండికి కమాను లేదు. ఇరుసు నేరుగా బండిని మోస్తుంది. చక్రం రాయెక్కితే మనిషీ ఎక్కుతాడు, గుంతలో పడితే మనిషీ పడతాడు. ఊరు చేరేసరికి నడుము గుర్తుకొస్తుంది. లారీకి, జీపుకు కమాను వచ్చాక బరువు రెండు భాగాలైంది. కమాను పైన మోసే బరువు ఒకటి. కమాను కింద చక్రంతోపాటు ఎగిరిపడే బరువు మరొకటి. టైరు, రిమ్ము, బ్రేకు, ఇరుసు ఇవన్నీ కింది బరువే.

కమ్మరి కొలిమి దగ్గర చూడండి. చిన్న సుత్తిని చకచక ఆడించవచ్చు. సమ్మెటను ఎత్తితే దించడానికి, దించితే ఎత్తడానికి సమయం పడుతుంది. చక్రమూ అంతే. రోడ్డు మీద గడ్డ తగిలి చక్రం పైకి లేస్తే, దాన్ని మళ్ళీ నేలకు తోయవలసింది స్ప్రింగు. చక్రమూ దాని వెంట ఉన్న సామానూ బరువైతే స్ప్రింగు మాట వెంటనే వినవు. ఆ క్షణంపాటు టైరు నేలను గట్టిగా అదమదు. నేలను పట్టని టైరు మలుపు తిరగదు, బ్రేకూ పట్టదు. గంటకు రెండు వందల కిలోమీటర్ల వేగంలో ఒక సెకనులో పదోవంతు అంటే అయిదున్నర మీటర్లు. మన ఊరి వీధి అరుగు నుంచి ఎదుటి అరుగు దాకా!

అందుకే పందెం కారుకు లారీ మాదిరి మొద్దు ఇరుసు ఉండదు. ఒక్కో చక్రాన్ని పైన ఒకటి, కింద ఒకటి రెండు చేతులు పట్టి ఉంచుతాయి. ఒక్కో చేయి ఇంగ్లీషు ‘ఏ’ అక్షరం ఆకారంలో రెండు గొట్టాలు కలిపినట్టు ఉంటుంది. కొన వైపు చక్రం, వెడల్పు వైపు చాసిస్. మన మెకానిక్కులు కారు కింద దూరి మార్చే లోయర్ ఆర్ము దీనికి చుట్టమే.

రాడ్డా, గొట్టమా?

బరువు తగ్గించాలంటే మొదటి ఉపాయం ఖరీదైన లోహం కాదు. గొట్టం. ఇల్లు కట్టించినవారందరికీ సలాకుల తూకం తెలుసు. 16 మిల్లీమీటర్ల సలాక మీటరుకు 1.58 కిలోలు తూగుతుంది. దాని బదులు బయటి కొలత 20 మిల్లీమీటర్లు, గోడ మందం ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉన్న ఉక్కు గొట్టం తీసుకుంటే మీటరుకు 680 గ్రాములే. సగం కన్నా తక్కువ. కాని వంచబోతే ఈ గొట్టమే సలాక కన్నా బిగువుగా నిలుస్తుంది. వెదురు బొంగు, జొన్నదంటు లోపల ఏముందో చూసినవారికి ఇది వింతగా తోచదు.

ఒక కారుకు ఎనిమిది చేతులు, అంటే పదహారు గొట్టాలు. ఒక్కోటి 35 సెంటీమీటర్లనుకుంటే మొత్తం 5.6 మీటర్లు. సలాకలయితే 8.8 కిలోలు దాటుతుంది, గొట్టాలయితే 3.8 కిలోలు. అయిదు కిలోల ఆదా. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. చేయి ఒక కొన కారుకే అతికి ఉంటుంది కనుక దాని బరువులో సుమారు సగమే చక్రంతో ఊగుతుంది. అంటే నిజంగా కలిసివచ్చేది నాలుగు చక్రాలకూ కలిపి రెండున్నర కిలోలు. రిమ్ములు, బ్రేకు పళ్ళేలు బరువైనవి పెట్టుకుని చేతులను మాత్రం ఈనెపుల్లల్లా చేస్తే, గంప చిల్లు వదిలేసి మూతకు మాటు వేసినట్టే. ముందు ఏది ఎంత తూగుతుందో కాటా పెట్టి చూసుకోవాలి.

పై చేయి, కింది చేయి ఒకే రకంగా ఉండనక్కరలేదు. బ్రేకు వేసినప్పుడు నేల టైరును వెనక్కు లాగుతుంది. కింది కీలు నేలకు 13 సెంటీమీటర్ల ఎత్తున, పై కీలు 37 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నాయనుకోండి. నేల వద్ద 100 కిలోల లాగుడుకు కింది చేయి మీద 154 కిలోలు పడుతుంది. పై చేయి మీద 54 కిలోలు, అదీ ఎదురు దిక్కుకు. గడ్డపార కింద రాయి పెట్టి మోపు లేపే లెక్కే ఇది. కనుక కింది చేతికి మందం, పై చేతికి పొదుపు. అన్నిటికీ ఒకే గొట్టం కోసేస్తే ఒక చోట ఇనుము వృథా, మరో చోట ప్రమాదం.

ఏ లోహం?

అల్యూమినియం ఉక్కులో దాదాపు మూడోవంతు తూగుతుంది. ఇంకేం, అదే వేసుకుందామని ఎవరికైనా అనిపిస్తుంది. కాని దాని బిగువు కూడా ఉక్కులో మూడోవంతే. అంతే బిగువు రావాలంటే ఎక్కువ వేయాలి, అప్పుడు లాభం చాలావరకు హరించిపోతుంది. పైగా ఉక్కుకు ఒక మంచి గుణముంది. ఒక మేరకు లోబడిన కుదుపులను ఎన్ని లక్షలసార్లయినా ఓర్చుకుంటుంది. అల్యూమినియానికి ఆ మేర లేదు. చిన్న కుదుపులు కూడా పోగుపడి ఒకనాటికి బీట ఇస్తాయి. అతుకు పెట్టిన చోట మరీ బలహీనం.

క్రోమ్-మాలీ అనే మిశ్రమ ఉక్కు గొట్టాలు పందెం కార్లవారికి ఇష్టం. సాదా ఉక్కుకన్నా దాని బలం బాగా ఎక్కువ. అయితే తూకమూ అంతే, బిగువూ అంతే. గోడ పలుచన చేసుకోగలిగితేనే దాని ఖరీదుకు ఫలితం. వెల్డింగు చేసి వేడి మీద నీళ్ళు చల్లితే అతుకు పక్కన పెళుసెక్కుతుంది. నిదానంగా చల్లారనివ్వాలి. మెరుపు కోసం క్రోము పూత పోయించడం మరో పొరపాటు. పూత తొట్టిలో హైడ్రోజన్ ఉక్కులోకి చేరి పగుళ్ళకు దారి తీస్తుంది. తళతళలాడే చేతులను చూసి ముచ్చటపడేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

ఇక కార్బన్ ఫైబర్. ఉక్కులో అయిదోవంతే తూకం, బిగువు మెండు. ఫార్ములా వన్ కార్ల చేతులు ఇప్పుడు దీనివే. చిక్కల్లా అది విరిగే తీరులో ఉంది. ఉక్కు ముందు వంగుతుంది. వంగిన చేయి కంటికి కనబడుతుంది, స్టీరింగు ఒక పక్కకు లాగుతుంది. కార్బన్ అలా చెప్పదు. ఫట్టున పోతుంది.

2005 మే 29న జర్మనీలోని నూర్‌బర్గ్‌రింగ్‌లో లోకమంతా దాన్ని చూసింది. ఫిన్‌లాండ్ దేశపు కిమీ రైకోనెన్ మెక్‌లారెన్ కారులో అందరికన్నా ముందున్నాడు. మధ్యలో ఒకసారి బ్రేకు గట్టిగా పట్టి కుడి ముందు టైరు ఒక చోట అరిగి చదునైంది. ఆ ఏడాది నియమం ప్రకారం పందెం నడుమ టైర్లు మార్చరు. మారిస్తే శిక్ష భయం, ఆగితే గెలుపు పోతుందన్న భయం. చదును టైరు తిరిగినకొద్దీ కుదుపు పెరిగింది. చక్రం అదురుతున్నది టీవీలో స్పష్టంగా కనిపించింది. ఆఖరి చుట్టు మొదట్లో ఆ చక్రాన్ని పట్టిన సస్పెన్షన్ విరిగి కారు బాట తప్పింది. డ్రైవరు బతికాడు. పందెం ఫెర్నాండో అలోన్సోది అయింది. ఆ ఏడాది చాంపియన్ కిరీటమూ అలోన్సోదే. రైకోనెన్‌ది రెండో స్థానం.

అందరూ అంత అదృష్టవంతులు కారు. 1970 సెప్టెంబరులో ఇటలీలోని మోంజాలో లోటస్ కారు ముందు బ్రేకు ఇరుసు విరిగి, కారు గార్డు రేకును ఢీకొని యోకెన్ రింట్ మరణించాడు. ఆ ఏడాది చాంపియన్ పట్టం అతనికి చనిపోయాక దక్కింది. 1994 మే 1న ఇమోలాలో కారు గోడను ఢీకొన్నప్పుడు విరిగిన సస్పెన్షన్ ముక్క ఐర్టన్ సెన్నా హెల్మెట్‌ను ఛేదించింది. ఊడిన చక్రం ఎగిరిపోకుండా చాసిస్‌కు గట్టి తాళ్ళతో కట్టి ఉంచాలన్న నియమం ఆ తరువాతి సంవత్సరాల్లో వచ్చింది.

లేతు షాపు గడపలో

ఇదంతా ఎక్కడి మాటో అనుకోనక్కరలేదు. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పల్లెల నుంచి ఇంజనీరింగు చదువులకు పోయే పిల్లలు ఎందరో. కళాశాలల జట్లు తామే చిన్న పందెం కారు చేసి పోటీకి తెచ్చే పద్ధతి 1981లో అమెరికాలో మొదలైంది. మన దేశంలో కోయంబత్తూరు దగ్గరి కరి మోటార్ స్పీడ్‌వేలో ఫార్ములా భారత్ పేరుతో అటువంటి పోటీ జరుగుతుంది. డబ్బు తక్కువ, కోరిక ఎక్కువ. తేలిక చేతుల ఆశ వీరినే ముందుగా పట్టుకుంటుంది.

వీరు తరచు చేసే తప్పు ఒకటుంది. చేయి కొనకు మరలున్న కీలు, రాడ్ ఎండ్, బిగిస్తారు. లాగుడు, తోపుడు దానికి లెక్కలోవి కావు. వంపు పడితే మాత్రం మర మొదట్లో పుటుక్కుమంటుంది. స్ప్రింగును తోసే కడ్డీని చేయి నడుమ తగిలిస్తే చేయి మొత్తం కావడి బద్దలా వంగుతుంది. దాన్ని చక్రం వైపు కీలుకు ఎంత దగ్గరగా తెస్తే అంత క్షేమం. కావడి బద్ద భుజం మీద ఎక్కడ విరుగుతుందో మోసినవారికి చెప్పాలా?

కొలతలు సరిగ్గా తీసి ఇస్తే గొట్టం చివరలు చేప నోరులా కోసి, సందు లేకుండా కూర్చగల పనివారు మన హైవే పక్క లేతు షాపుల్లో దొరుకుతారు. అతుకు అయ్యాక ఎర్ర రంగు ద్రవం పూసి, తుడిచి, పైన తెల్ల పొడి చల్లితే కంటికి కనబడని పగులు ఎర్ర గీతగా బయటపడుతుంది. ప్రతి పరుగు తరువాత ఈ పరీక్ష చేసి, ఏ చేయి ఎన్ని కిలోమీటర్లు తిరిగిందో పుస్తకంలో రాసిపెట్టుకునే జట్లున్నాయి. గీత కనబడిందా, ఆ చేతికి మళ్ళీ వెల్డింగు లేదు. పక్కన పడేయడమే.

లారీ కమాను పట్టీ విరిగితే కమ్మరి కొలిమికి చేరి గొడ్డలిగానో, కత్తిగానో మరో పాతికేళ్ళు బతుకుతుంది. పందెం కారు గొట్టంలో అంత ఇనుము లేదు. పాత సామాన్లవాడు కాటాలో వేస్తే కాటా ముల్లు కదలడమే కష్టం.