పొట్టితనం మూడు రకాలు

అమ్మలూ, నిన్న ఫోన్లో నువ్వూ తమ్ముడూ ఒకళ్ల మాటకి ఒకళ్లు అడ్డొస్తూ అడిగింది నాకు అర్థమైంది. కుక్కపిల్లని తెచ్చుకోవడం ఖాయం. పగ్గా, పామేరియనా, డాక్స్‌హండా అన్నదే తేలాలి. విజయవాడ ఫ్లాటులో పెంచాలి గనక చిన్న కుక్కే ఉండాలని మీ అమ్మ పెట్టిన షరతు సబబైందే. కానీ కుక్క చిన్నదవడానికి దారి ఒక్కటే కాదమ్మా. ఒక్కో రకం ఒక్కో దారిన పొట్టిదయింది. ఆ దారిని బట్టే దాని ఊపిరి, దాని నడుము, దాని ఆయుష్షు. మొహం చూసి మురిసిపోయే ముందు ఆ సంగతి తెలుసుకోవాలి.

కుక్కలన్నీ తోడేళ్ల సంతతే. మనిషి పంచన చేరి తక్కువలో తక్కువ 15,000 ఏళ్లయింది. రెండు కిలోల చివావా, 60 కిలోల గ్రేట్ డేన్ ఒకే జీవజాతి అంటే నమ్మబుద్ధి కాదు. ఇంత తేడా రావాలంటే ఎన్ని జన్యువులు మారాలో అనుకుంటాం. 2007లో అమెరికాలో ఎలేన్ ఆస్ట్రాండర్ అనే శాస్త్రవేత్త బృందం వెతికితే, అందులో పెద్ద వాటా ఒకే ఒక్క జన్యువుదని తేలింది. దాని పేరు ఐజీఎఫ్-1. ఎముకల్నీ కండల్నీ ఎదగమని చెప్పే హార్మోను దాని చేతిలో ఉంటుంది. ఆ హార్మోను తగ్గితే కుక్క తల నుంచి తోక దాకా అన్నీ ఒకే పాళ్లలో తగ్గి పుడుతుంది. 2022లో అసలు మార్పు ఆ జన్యువు పక్కన ఏ చోట ఉందో కూడా పట్టుకున్నారు. అంతకన్నా నాకు నచ్చిన సంగతి ఇంకోటుంది. అదే మార్పు సైబీరియాలో దొరికిన 54,000 ఏళ్ల నాటి తోడేలులో కూడా కనిపించింది! మనిషి ఇంకా కుక్కని మచ్చిక చేసుకోనే లేదు, చిన్న కుక్కకి కావలసిన సరుకు అప్పటికే ప్రకృతిలో ఉంది. మనవాళ్లు దాన్ని ఏరుకుని పెంచారు, అంతే.

ఇది మొదటి రకం పొట్టితనం. కుక్కకి దీనివల్ల పెద్ద కష్టం లేదు. పైగా ఆయుష్షు ఎక్కువ. గ్రేట్ డేన్ పదేళ్లు బతికితే గొప్ప, చిన్న కుక్క 12 నుంచి 15 ఏళ్లు బతుకుతుంది. నువ్విప్పుడు ఆరో తరగతి. అది ముసలిదై మెట్లెక్కలేని రోజుకి నువ్వు చదువు ముగించి ఉద్యోగంలో ఉంటావు. ఆ లెక్క మీ నలుగురూ కూర్చుని ఇప్పుడే వేసుకోండి.

పామేరియన్‌ది ఈ మొదటి దారే. బాల్టిక్ సముద్రం ఒడ్డున పొమెరానియా అనే సీమ ఉంది, ఇప్పుడు కొంత పోలెండులో, కొంత జర్మనీలో. ఆ పేరే కుక్కకొచ్చింది. అప్పట్లో అవి ఇంకా పెద్దవి. విక్టోరియా రాణి 1888లో ఇటలీలోని ఫ్లోరెన్స్ వెళ్లినప్పుడు చిన్న సైజు పామేరియన్ని ఇష్టపడి తెచ్చుకుంది. రాణిగారి ముచ్చట జనం ముచ్చటయింది, ఆ తరవాత చిన్నవాటినే ఏరి ఏరి పెంచారు. ఇవాళ అసలైన పామేరియన్ సాధారణంగా మూడు కిలోల దరిదాపుల్లోనే ఉంటుంది.

మరి మన ఊళ్లలో పామేరియన్ అని పిలుచుకునే తెల్ల బొచ్చుకుక్క ఇంకాస్త పెద్దగా ఉంటుంది కదా అంటావేమో. అది చాలావరకు ఇండియన్ స్పిట్జ్. బ్రిటిష్ వాళ్ల కాలంలో యూరప్ నుంచి వచ్చిన స్పిట్జ్ కుక్కల్ని మన వాతావరణానికి ఓర్చుకునేలా తరతరాలుగా పెంచగా తయారైంది. 'ప్రేమాలయం' సినిమాలో టఫీ అనే కుక్క గురించి మీ అమ్మనడుగు, చిన్నప్పుడు చూసే ఉంటుంది. అదే ఈ కుక్క. వీటిలో చిన్న రకం అయిదు నుంచి ఏడు కిలోలుంటుంది. మూతి పొడుగు, కాళ్లు పొడుగు, నడుము గట్టి. ఒక్క చిక్కుంది, అరుస్తుంది. లిఫ్టు తలుపు తెరుచుకుంటే అరుస్తుంది, పాలబ్బాయి వస్తే అరుస్తుంది. చిన్నప్పటి నుంచీ నేర్పాలి. బొచ్చు రాలుతుంది గనక దువ్వుతూ ఉండాలి. ఎండాకాలం కదా అని గుండు మాత్రం గీయించకండి. కుక్క తన వేడిని ముఖ్యంగా నోటితో, ముక్కుతో వదులుకుంటుంది. బొచ్చు తీసేస్తే ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది.

రెండో రకం పొట్టితనం కాళ్లకే పరిమితం. డాక్స్‌హండ్ ఒళ్లు మామూలుదే, కాళ్లే కురచ. జర్మనీలో నేల బొరియల్లో దూరి బ్యాడ్జర్లని వేటాడటానికి పెంచిన కుక్క అది. ఎఫ్‌జీఎఫ్-4 అనే జన్యువుకి అదనంగా ఒక నకలు పుట్టుకొచ్చి వేరేచోట అతుక్కోవడంతో కాళ్ల ఎముకలు ఎదగాల్సిన కాలం కన్నా ముందే ఆగిపోతాయని 2009లో కనుక్కున్నారు. 2017లో రెండో నకలు ఇంకోచోట దొరికింది. అది కాళ్లతో ఊరుకోదు. వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండాల్సిన బిళ్లలు చిన్న వయసులోనే గట్టిపడి పగిలేలా చేస్తుంది. డాక్స్‌హండ్లలో నాలుగైదింటికి ఒకటి ఎప్పుడో ఒకప్పుడు ఈ నడుము జబ్బున పడుతుంది. కొన్నిటికి వెనక కాళ్లు చచ్చుబడిపోతాయి. సోఫా మీంచి దూకకుండా, మెట్లు ఎక్కనివ్వకుండా, ఒళ్లు పెరగకుండా జన్మంతా కాపలా కాయగలిగిన ఇంట్లో అది హాయిగా ఉంటుంది. మీ తమ్ముడు దేన్నయినా ముందుకాళ్లు పట్టుకుని ఎత్తే రకం. వాడు పెద్దయ్యేదాకా ఆ కుక్క ఊసు వద్దు.

ఇక మూడో రకం, పగ్. దీని గురించి కాస్త ఎక్కువే చెప్తాను, ఎందుకంటే మీరిద్దరూ దాని మీదే మనసు పడ్డారు. 2003లో టీవీలో హచ్ అనే సెల్‌ఫోన్ కంపెనీ ప్రకటన వచ్చింది. పిల్లవాడు ఎటు వెళితే అటు వెనకే నడిచే బుల్లి పగ్. దేశమంతా ఆ కుక్కని ప్రేమించింది, మన ఇళ్లలో దాని పేరే 'హచ్ కుక్క' అయిపోయింది. మంచి కుక్కే, పిల్లల్ని ప్రాణంగా చూసుకుంటుంది. దాని పొట్టితనం మొహంలో ఉంది, అదే బాధ.

ముక్కు ఏం పని చేస్తుందో చూడు. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, పాదాల కింద కాస్త పడుతుంది. నాలుక బయటపెట్టి వగరుస్తుంది చూశావా, అదే దాని కూలర్. నాలుక మీద, నోట్లో, ముక్కు లోపలి తడిపొర మీద నీరు ఆవిరవుతుంటే ఆ ఆవిరితో వేడి బయటికి పోతుంది. ముక్కు లోపల చుట్టలు చుట్టుకున్న పలచటి ఎముకల వల్ల ఆ తడిపొరకి చాలా వైశాల్యం దొరుకుతుంది. పగ్‌లో పుర్రె ముందుభాగం కురచైంది, లోపలి కండరాలూ పొరలూ మాత్రం ఆ పాళ్లలో తగ్గలేదు. పెద్ద సంచీలో బట్టలు చిన్న సంచీలో దూర్చినట్టు, అన్నీ గాలి దారికి అడ్డం పడ్డాయి. ముక్కు రంధ్రాలు సన్నం, గొంతు వైపు మెత్తటి అంగిలి పొడుగు. నిద్రలో గురక పెడుతుంటే ముద్దొస్తుందంటారు, అది గాలి అందక చేసే చప్పుడమ్మా.

ఇప్పుడు మన ఊరి సంగతి ఆలోచించు. కుక్క ఒంటి వేడి మామూలుగానే 38.3 నుంచి 39.2 డిగ్రీలు. మే నెలలో బయట గాలే 44, 45. ఒంటి కన్నా గాలి వేడిగా ఉన్నప్పుడు వేడి పోవడానికి ఆవిరి తప్ప వేరే దారి లేదు. కోస్తాలో ఉక్కపోత ఉంటే ఆవిరి కూడా సరిగా అవదు. అలాంటి రోజు కరెంటు పోయి ఏసీ ఆగిందనుకో, స్పిట్జ్ అవస్థ పడుతుంది, పగ్ ప్రాణం మీదికి వస్తుంది. ఇలాంటి చప్పిడి మూతి కుక్కల్ని సరుకుల అరలో ఎక్కించుకోబోమని చాలా విమాన కంపెనీలు చెప్పేస్తాయి. నెదర్లాండ్స్‌లో 2019 నుంచి, పుర్రె పొడవులో మూడో వంతు కన్నా మూతి పొట్టిగా ఉన్న కుక్కకి పిల్లలు పెట్టించకూడదని నియమం పెట్టారు.

పగ్ మొదటి నుంచీ ఇలా లేదు. విలియం హోగార్త్ అనే ఆంగ్ల చిత్రకారుడు 1745లో తన బొమ్మ తానే గీసుకుని, పక్కన తన పగ్‌ని కూర్చోబెట్టాడు. దానికి మూతి స్పష్టంగా కనబడుతుంది. అంటే ఆ మూతిని చప్పిడిగా చేసింది ఈ రెండున్నర శతాబ్దాల మనిషి ఇష్టమే. మనం అలాంటి మొహమే కావాలని డబ్బిచ్చి కొంటున్నంత కాలం, అలాంటి పిల్లలే పుడుతుంటాయి. ఇది తలుచుకుంటే నాకు మనసు ఊరుకోదు.

షిట్జూ అనే ఇంకో చిన్న కుక్క మొహం కూడా ఈ దారిదే, దానికి తోడు జుట్టు మనిషి జుట్టులా పెరుగుతూనే ఉంటుంది. రోజూ దువ్వే ఓపిక ఎవరికుందో చూసుకోవాలి.

ఇక మీ నాన్నమ్మ అడిగిన ప్రశ్న: మనం తినేదే పెట్టొచ్చా? ఉల్లిపాయ గానీ వెల్లుల్లి గానీ పడింది ఏదీ వద్దు. పులుసు, సాంబారు, బిర్యానీ, వెల్లుల్లి తాలింపు పెట్టిన పప్పు, ఏదీ. ఉల్లిలో ఉండే గంధకపు పదార్థాలు కుక్క ఎర్రరక్తకణాల్ని విరిచేస్తాయి, ఉడికించినా ఆ గుణం పోదు. కుక్క బరువులో కిలోకి 15 నుంచి 30 గ్రాముల ఉల్లి చాలు, రక్తానికి హాని మొదలవుతుంది. 30 కిలోల ల్యాబ్రడార్‌కి అది తక్కువలో తక్కువ దాదాపు అరకిలో అవుతుంది. మూడు కిలోల పామేరియన్‌కి ఒక్క చిన్న ఉల్లిపాయ. చాక్లెట్టు, పాయసంలో కిస్మిస్ కూడా అంతే, తమ్ముడి చేతికి అందకుండా చూడండి. అన్నం, ఉడికించిన గుడ్డు, చప్పిడి చికెన్ పెట్టొచ్చు. పళ్ల సంగతి కూడా చెప్పాలి. ల్యాబ్రడార్ నోట్లోనూ 42 పళ్లే, పామేరియన్ నోట్లోనూ 42 పళ్లే. చిన్న దవడలో అవి కిక్కిరిసిపోవడంతో చిగుళ్లు త్వరగా పాడవుతాయి, బ్రష్ చెయ్యడం అలవాటు చెయ్యాలి.

"ఏ జాతి బుద్ధిగా ఉంటుంది?" అని కూడా అడిగావు. 2022లో 18,000 పైచిలుకు కుక్కల ప్రవర్తన, వాటిలో కొన్నిటి జన్యువులు కలిపి చూసిన పరిశోధన ఒకటి వచ్చింది. ఒక్కో కుక్క స్వభావంలో కనిపించే తేడాల్లో జాతి వల్ల వచ్చేది 9 శాతమే. మిగతాదంతా ఆ కుక్కది, దాన్ని పెంచిన ఇంటిది. అందుకే నన్నడిగితే చిన్న రకం ఇండియన్ స్పిట్జ్ తెచ్చుకోండి అంటాను. మీ వీధిలోనే తల్లి పోయిన ఊరకుక్క పిల్ల దొరికితే ఇంకా సంతోషం. పెద్దయ్యాక కాస్త సైజు పెరుగుతుంది గానీ మన ఎండకి దాన్ని మించింది లేదు.

కొనేటట్టయితే ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదని 2017 నాటి కేంద్ర నిబంధన ఉంది. నిబంధన కోసమే కాదు, ఆ వారాల్లో తల్లీ తోబుట్టువులూ దానికి ఎంత గట్టిగా కరవకూడదో నేర్పుతాయి. టీకాల చీటీ అడగండి, మూడు నెలలకి రేబిస్ టీకా మర్చిపోవద్దు. అన్నిటికన్నా ముందు తల్లిని చూడాలి. నడిచినప్పుడు ఎగశ్వాస పెడుతోందా, మనుషుల్ని చూసి మూల దాక్కుంటోందా, ఈతలో మిగతా పిల్లలు చురుగ్గా ఉన్నాయా. షాపువాడు ఫోన్లో ఫొటో చూపించి సరిపెడతానంటే లేచి వచ్చేయండి. ఏ రోజు వెళ్తారో నాకు ముందుగా చెప్తే మొదటి బస్సుకే వస్తాను. తల్లిని చూపించమని అడగటానికి మీ నాన్న మొహమాటపడతాడు, ఆ మాట నేనడుగుతాను.