ప్రజల అర్జీ – శాసనసభలో ప్రశ్న

ఎన్నికల నాడు మన గుమ్మం ముందు నిలిచి నమస్కరించే అభ్యర్థిని మనమందరం ఎరుగుదుము. ఎన్నికైన పిమ్మట ఆయన శాసనసభలో ఏమి చేయగలరో, మన మాట మంత్రిగారి చెవికి ఏ దారిన చేరుతుందో తెలిసినవారు మనలో తక్కువ. ఆ దారిని సాధ్యమైనంత తేటగా వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గుంటూరు, ప్రకాశం మైదానాలలోని నల్లరేగడి నేలకు పత్తి, మిరప ముఖ్యమైన పైర్లు. వీటిని నమ్ముకొన్న ఇంటికి మూడు చింతలు: కాలువకు నీరు వస్తుందా, పంటకు ధర పలుకుతుందా, త్రాగే నీరు మంచిదేనా? వీటికి ప్రభుత్వం తరఫున జవాబు చెప్పవలసినవారు మంత్రులు. సామాన్య రైతు మంత్రిని నిలబెట్టి అడుగలేడు. అతని పక్షాన అడిగే హక్కు శాసనసభ్యునిది.

ఈ హక్కు ఒక్కసారిగా వచ్చినది కాదు. బ్రిటిషు పాలనలో 1892 నాటి కౌన్సిళ్ళ చట్టంతో సభ్యులకు ప్రశ్నించే అవకాశం మొదట లభించినది. 1909లో ప్రశ్న వేసిన సభ్యునికి అనుబంధ ప్రశ్న వేసే వీలు కలిగినది. 1919 సంస్కరణలతో ఆ వీలు తక్కిన సభ్యులకూ సంక్రమించినది.

నక్షత్రపు గుర్తు గల ప్రశ్నకు మంత్రి సభలో నోటిమాటగా సమాధానం ఇవ్వాలి. దానిపై అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేని ప్రశ్నకు వ్రాతపూర్వకమైన సమాధానం వస్తుంది. ఆలస్యానికి తావులేని విషయాలకు స్వల్పవ్యవధి ప్రశ్న, సావధాన తీర్మానం అనే మార్గాలున్నవి. వీటన్నిటి బలం ఒకే చోట ఉన్నది. మంత్రి సమాధానం చెప్పాలంటే శాఖ వివరాలు తెప్పించుకోవాలి. జిల్లా అధికారి క్రింది ఉద్యోగిని అడగాలి. ఏళ్ళ తరబడి బీరువాలో పడియున్న దస్త్రానికి అప్పుడు కదలిక వస్తుంది. 1957లో లోక్‌సభలో జీవిత బీమా సంస్థ పెట్టుబడులను గూర్చి లేవనెత్తిన ప్రశ్నలే ముంద్రా వ్యవహారాన్ని బయటపెట్టి, 1958లో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామాకు దారితీసినవి.

మన ప్రాంతపు ఉదాహరణకు వద్దాం. సత్తెనపల్లి నుండి నాలుగుసార్లు ఎన్నికైన వావిలాల గోపాలకృష్ణయ్యగారు నందికొండ వద్ద ఆనకట్ట కోసం సభలోపలా వెలుపలా కృషి చేశారు. ఆ ఆనకట్టయే నాగార్జునసాగరం. 1955 డిసెంబరు 10న నెహ్రూ దానికి శంకుస్థాపన చేయగా, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచారు. కుడి కాలువ క్రింద నేడు పచ్చగా కనిపించే పొలాల వెనుక అంతటి కాలమూ, అంతటి పట్టుదలా ఉన్నవి. మార్కాపురం వైపు కరవు సీమకు కృష్ణా నీటిని కోరిన పూల సుబ్బయ్యగారి పేరు వెలిగొండ ప్రాజెక్టుకు పెట్టారు. దాని శంకుస్థాపన 1996లో జరిగినది. రెండవ సొరంగం త్రవ్వకం 2024లో ముగిసినది. ప్రశ్న వేసినంతనే నీరు పారదనీ, వేసిన ప్రశ్నను విడువరాదనీ ఈ రెండు చరిత్రలూ మనకు తెలుపుతున్నవి.

ఎవరిని అడగాలో తెలియడం మరొక ముఖ్య విషయం. పత్తికి కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటిస్తుంది. 1970లో ఏర్పడిన భారత పత్తి సంస్థ కొనుగోలు చేస్తుంది. కనుక పత్తి రైతు పక్షాన అడగవలసినది కొనుగోలు కేంద్రాలు ఎప్పుడు తెరుస్తారు, ఎక్కడ తెరుస్తారు అని. మిరపకు అట్టి మద్దతు ధర లేదు. ధర పడిపోయినప్పుడు మార్కెట్ జోక్య పథకాన్ని కోరుకోవాలి. 2017లో ధరలు కూలినప్పుడు కేంద్రం క్వింటాలుకు 5,000 రూపాయల చొప్పున 88,300 టన్నుల వరకు ఆ పథకాన్ని అనుమతించినది. 2025 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వమూ, రాష్ట్రం నుండి ఎన్నికైన కేంద్ర మంత్రులూ విన్నవించిన పిమ్మట 11,781 రూపాయల ధరను 2.43 లక్షల టన్నులకు నిర్ణయించినది. ధరతోపాటు పరిమాణానికి కూడా హద్దు ఉన్నదని గమనించాలి. ఆ హద్దులో చిన్న రైతు సరుకు చేరినదా అన్నదే సభలో అడగవలసిన తరువాతి ప్రశ్న.

ఇక త్రాగునీరు. 1937లోనే నాటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు వ్యాధిని శాస్త్రజ్ఞులు గుర్తించారు. ఆనాడు ఆ జిల్లాలో ఉండి 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన కొత్త జిల్లాలో చేరిన పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు ఈ పీడను చిరకాలం అనుభవించినవి. పళ్ళపై గారలు, వంగిన నడుములు ఆ నీటి ఫలితమే. "మా ఊరికి మంచినీరు ఇప్పించవలెను" అని అర్జీ పెడితే "పరిశీలనలో ఉన్నది" అని సమాధానం వస్తుంది. "ఫలానా బావి నీటిని ఏ తేదీన పరీక్షించారు? లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దును మించినదా? మించితే వేరు నీరు ఏ నెలలోగా ఇస్తారు?" అని అడిగితే తప్పించుకొనుట కష్టం.

ఈ పాఠం మేము స్వానుభవంతో నేర్చినదే. ఒకసారి మేము కొందరం కళాశాల వేళకు బస్సు కావాలని సంతకాలు సేకరించి మా ప్రతినిధి వద్దకు వెళ్ళినాము. ఆయన శాంతంగా, "ఏ ఊళ్ళ నుండి ఎందరు వస్తారు? ఇప్పటి బస్సు ఎన్ని గంటలకు?" అని అడిగారు. మా వద్ద ఆవేశం ఉన్నది గాని అంకెలు లేవు. తలలు వంచుకొని తిరిగి వచ్చినాము. రెండు వారాలు శ్రమించి పట్టిక తయారుచేసిన పిమ్మటనే మా కాగితం ముందుకు సాగినది.

చివరిగా ఒక మాట. మంత్రి "చర్య తీసుకొంటాము" అని సభలో పలికినంత మాత్రాన పని పూర్తి కాదు. ఆ మాట నెరవేరినదో లేదో చూచుటకే ప్రభుత్వ హామీల సంఘాలున్నవి. లోక్‌సభలో అట్టి సంఘం 1953లో ఏర్పడినది. మన సభ్యుని ఆ హామీని గూర్చి మరల అడగమని కోరే బాధ్యత మనది. మన ఆంధ్రప్రదేశ్ శాసనసభ పాత చర్చల సంపుటాలలో తెలుగు, ఉర్దూ, ఆంగ్ల ప్రసంగాలు మూడూ కనిపిస్తాయి. ఏ భాషలో చదివిన విద్యార్థి అయినా సెలవులకు తన ఊరు వెళ్ళినప్పుడు బావి, కాలువ, బడి, ఆసుపత్రి స్థితిని ఒక కాగితంపై వ్రాసుకొని రావచ్చు. మన ప్రతినిధి సభలో లేచి నిలిచేనాటికి ఆ కాగితం ఆయన చేతిలో ఉండాలి.