ఆత్మరక్షణకై మొలలో కత్తి: అందలి అపాయము, బాధ్యత

పలాస, టెక్కలి, ఉద్దానము ప్రాంతములలో కత్తి లేని ఇల్లుండదు. కొబ్బరిబొండము కొట్టుటకు, పనసకాయ కోయుటకు, జీడితోటలో ముండ్లపొదలు నఱకుటకు, సముద్రతీరమున వలత్రాడు తెంచుటకు కత్తియే కావలయును. పనికై చేతబట్టిన ఇట్టి కత్తినిగూర్చి ఎవ్వరికిని ఆక్షేపణ లేదు. కాని ఎవడైనను మీదికి వచ్చినచో పనికివచ్చునను తలంపుతో మొలలో దోపుకొని సంతకును, అమ్మవారి సంబరమునకును, రాత్రి ప్రయాణమునకును కొనిపోవు కత్తి వేఱు. ఇనుము అదియే, పిడియు అదియే. దాని వెనుకనున్న ఉద్దేశము మాత్రము మాఱినది. ఆ ఉద్దేశము మాఱుటవలన కలుగు అపాయమెట్టిదో, దానిని మోయువానిపై పడు బాధ్యత యెట్టిదో నేడు విచారింతము.

ముందుగా భయమునకు కారణము లేకపోలేదని ఒప్పుకొనవలయును. ఉద్దానమునకు ఉద్యానవనమను మాటనుండియే ఆ పేరు వచ్చినదని చెప్పుదురు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలములందు కొబ్బరి, జీడి, పనస తోటలు దట్టముగా నల్లుకొని యున్నవి. ఆ తోటలలోనికి ఎలుగుబంట్లు వచ్చుచుండును. 2022 జూన్ మాసమున వజ్రపుకొత్తూరు మండలములోని కిడిసింగి గ్రామమున ఒక ఎలుగుబంటి ఒక రైతును చంపి, పిమ్మట మఱికొందఱిని తీవ్రముగా గాయపఱచెను. అటవీశాఖవారు మత్తుమందు ప్రయోగించి దానిని పట్టుకొనిరి. పట్టుబడిన తరువాత అదియు మరణించెను. ఇట్టివి చూచినవారు వట్టిచేతులతో తోటకు పోవుటకు జంకుట సహజమే.

అయితే ఎలుగుబంటి యెదుట చిన్న కత్తి యెంతవఱకు పనిచేయును? ఆ జంతువునకు వాసన పసిగట్టు శక్తి మెండు, చూపు తక్కువ. మనుష్యుడు చప్పుడు లేకుండ సమీపమునకు వచ్చినప్పుడు అది ఉలికిపడి మీదబడును. పిల్లలున్న తల్లి యైనచో మఱింత ఉగ్రముగా నుండును. పొడవైన గోళ్లతో తలమీదను, ముఖముమీదను కొట్టును. జానెడు కత్తితో దానిని పొడువవలెనన్నచో ఆ గోళ్లకు అందునంత దగ్గఱకు పోవలయును. గాయపడిన మృగము వెనుదిరుగునన్న నమ్మకమును లేదు. కావున చీకటి విడకముందు ఒంటరిగా తోటకు పోకుండుట, నలుగురు కలిసి మాటలాడుకొనుచు నడచుట, చేత దీపమును, నిడుపైన కఱ్ఱయు నుంచుకొనుట, జీడిపండ్లును పనసపండ్లును రాలిన చోట్ల చప్పుడు చేయుచు పోవుట, ఎలుగు కనబడినచో దాని దారికి అడ్డుపడక నెమ్మదిగా వెనుకకు జరుగుట కత్తికంటె మేలైన రక్షణలు.

చట్టముకూడ ఈ విషయమున మనుష్యుని పక్షముననే యున్నది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టములోని 11వ విభాగము ప్రకారము, సద్బుద్ధితో తన ప్రాణమునో పరుల ప్రాణమునో కాపాడుకొనుటకై మృగమును గాయపఱచినను, చంపినను నేరము కాదు. కాని అట్లు చచ్చిన మృగము ప్రభుత్వపు సొత్తగును. గోళ్లు, చర్మము ఎవ్వరును తీసికొనరాదు. మీదికి రాని ఎలుగును పగతో వెంబడించి చంపుట మాత్రము ఘోరమైన నేరము.

ఇక మనుష్యునికి మనుష్యునివలని భయమునకు వత్తము. ఇచ్చటనే కత్తి మిక్కిలి అపాయకరమైనది.

ఆత్మరక్షణ హక్కు మన దేశమున ప్రతివానికి కలదు. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 96 మొదలు 106 వఱకు గల విభాగములు దీనిని తెలిపెడివి. 2024 జూలై 1వ తేదీనుండి దాని స్థానమున భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చినది. అందు 34 మొదలు 44 వఱకు గల విభాగములు అదే హక్కును చెప్పుచున్నవి. తన శరీరమునే గాక పరుల శరీరమును, తన ఆస్తిని, పరుల ఆస్తిని కాపాడుకొనుటకును ఈ హక్కు వర్తించును. ఎదుటివాడు కొట్టువఱకు ఆగవలెనని చట్టము చెప్పలేదు. అపాయము తప్పదని తోచుటకు తగిన హేతువున్న క్షణముననే హక్కు పుట్టును.

కాని ఆ హక్కునకు మూడు కట్టుబాట్లున్నవి. మొదటిది, రక్షకభటులను ఆశ్రయించుటకు వ్యవధి యున్నపుడు ఈ హక్కు లేదు. రెండవది, కాపాడుకొనుటకు అవసరమైనంతకు మించి హాని చేయరాదు. మూడవది, అపాయము తొలగగానే హక్కు ముగియును. ప్రాణభయము, తీవ్రమైన గాయము తగులునన్న భయము, మానభంగము, అపహరణము, ఆమ్లదాడి మొదలైన ఏడు సందర్భములలో మాత్రమే శరీరరక్షణకై ఎదుటివాని ప్రాణము తీయువఱకు పోవచ్చునని 38వ విభాగము చెప్పుచున్నది.

ఒక దృష్టాంతము తీసికొందము. ఇరువురు దాయాదులకు జీడితోట గట్టుమీద తగవు వచ్చినదనుకొనుడు. ఒకడు గొడ్డలి యెత్తి మీదికి వచ్చెను. రెండవవాడు తప్పించుకొను దారి లేక, చేతిలోనున్న కత్తితో వాని భుజమున కొట్టెను. గొడ్డలి జారి క్రిందపడెను. ఇంతవఱకు ఆత్మరక్షణ. గొడ్డలి పడవేసి పరుగెత్తుచున్నవానిని వెంటాడి వీపున పొడిచినచో, ఆ రెండవ దెబ్బ ఆత్మరక్షణ కానేరదు. అది కసి. రెండు దెబ్బల నడుమ ఉన్న కాలము నాలుగు నిమేషములే కావచ్చును. ఆ నాలుగు నిమేషములలో బాధితుడు నేరస్థుడగును.

మఱియొక దృష్టాంతము. రాత్రివేళ ఎవడో తోటలో కొబ్బరికాయలు దింపుచున్నాడు. యజమానిని చూచి పరుగెత్తెను. వానిని పట్టుకొనవచ్చును, అవసరమైన మేరకు అడ్డగింపవచ్చును. కాని కాయల దొంగతనమునకు ప్రాణము తీయు హక్కును చట్టము ఇయ్యలేదు. ఆ దొంగతనములో ప్రాణహానిగాని, తీవ్రమైన గాయముగాని కలుగునన్న తగిన భయము కలిగినప్పుడు మాత్రమే మాట మాఱును.

ప్రాణభయముననున్నవాడు ప్రతి దెబ్బను త్రాసులో తూచి కొట్టజాలడని న్యాయస్థానములు ఎఱుగకపోలేదు. 2010లో దర్శన్ సింగ్ కేసున సర్వోన్నత న్యాయస్థానము ఈ సూత్రమును స్పష్టముగా చెప్పినది. అయినను, నేను ఆత్మరక్షణకై చేసితినని చూపవలసిన భారము ముద్దాయిదే. తోటలో సాక్షులెవరు? ఉన్నవారు ఇరుపక్షముల బంధువులే. అప్పుడు న్యాయాధిపతి అడుగు మొదటి ప్రశ్న, ఆ దినమున నీవు కత్తి యెందుకు కొనిపోతివి అనునది. బొండములు కొట్టుటకు పోయినవానికి సులభమైన ఉత్తరము కలదు. తగవు తీర్చుకొనుటకు రచ్చబండకు పోవుచు మొలలో కత్తి దాచినవాడు ఏమని చెప్పును? తాను రక్షణ యనుకొన్నదే వానికి ప్రతికూలమైన సాక్ష్యమగును.

కత్తి కలిగియుండుటను గూర్చియు చట్టము కలదు. 1959 నాటి ఆయుధ చట్టము కేవలము గృహకృత్యములకును, వ్యవసాయమునకును ఉద్దేశింపబడిన సాధనములను, చేతికఱ్ఱను ఆయుధముల లెక్కలో చేర్చలేదు. కాని 2016 నాటి ఆయుధ నిబంధనలు 9 అంగుళములకు మించిన పొడవుగాని, 2 అంగుళములకు మించిన వెడల్పుగాని గల అలుగుతో కూడిన కత్తులను, బాకులను ఆయుధములుగా లెక్కించినవి. ప్రభుత్వము ప్రకటించిన ప్రాంతములలో అట్టివానికి అనుమతిపత్రము కావలయును. ఎన్నికల కాలమున, ఉద్రిక్తత గల దినములలో ఆయుధములు పట్టుకొని తిరుగరాదని అధికారులు నిషేధాజ్ఞలు జారిచేయుటయు కలదు. చిన్న కత్తియైనంత మాత్రమున భయము లేదనుకొనరాదు. పొడుచుటకో, కోయుటకో పనికివచ్చు సాధనముతో గాయపఱచినచో, గాయము చిన్నదైనను 3 సంవత్సరముల వఱకు శిక్ష పడవచ్చును. తీవ్రగాయమైనచో 1 సంవత్సరమునకు తక్కువ కాకుండ, 10 సంవత్సరముల వఱకు, లేక యావజ్జీవము శిక్ష కలదు.

మన పిల్లలు పొట్టకూటికై విదేశములకు పోవుచున్నారు. వారికి చెప్పవలసిన మాట యొకటి కలదు. మన యూరిలో పనిముట్టుగా చెల్లు కత్తి అన్యదేశమున చెల్లదు. ఇంగ్లాండున 1988 నాటి చట్టము ప్రకారము, 3 అంగుళములకు మించని మడత చాకు తప్ప, తగిన కారణము లేకుండ బహిరంగస్థలమున కత్తి కలిగియుండుటయే నేరము. ఆత్మరక్షణకై ముందుజాగ్రత్తగా ఉంచుకొంటినన్న మాటను అచ్చటివారు సామాన్యముగా తగిన కారణముగా అంగీకరింపరు.

చట్టము నటుంచి శరీరము సంగతి చూతము. తొడలోని పెద్ద రక్తనాళము తెగినచో కొన్ని నిమిషములలోనే ప్రాణము పోవచ్చును. కాలిమీద పొడిచితిని, చంపుట నా ఉద్దేశము కాదు అని తరువాత ఏడ్చినను పోయిన ప్రాణము తిరిగి రాదు. పెనుగులాటలో కత్తి తన చేతినుండి ఎదుటివాని చేతికి పోవుట అరుదు కాదు. అప్పుడు తాను తెచ్చిన కత్తియే తన కడుపున దిగును. చెమటతోనో రక్తముతోనో పిడి జారినచో తన వ్రేళ్లే తెగును. అన్నిటికంటె పెద్ద అపాయము మనస్సున నుండును. మొలలో కత్తి యున్నవాడు తగ్గవలసిన చోట తగ్గడు. తిట్టుతో తీరవలసిన తగవు నెత్తుటివఱకు పోవును.

గాయము తగిలినచో చేయవలసినది ఇది. శరీరమున దిగియున్న కత్తిని లాగివేయరాదు. లాగినచో రక్తము వరదయగును. కత్తి లేని గాయముమీద శుభ్రమైన గుడ్డ నుంచి అరచేతితో గట్టిగా అదిమి పట్టవలయును. గుడ్డ తడిసినచో దానిని తీయక, దానిమీదనే మఱియొక గుడ్డ నుంచి నొక్కవలయును. పసుపు, సున్నము, కాఫీపొడి పూయరాదు. వెంటనే 108కి తెలిపి ఆసుపత్రికి చేర్పవలయును. రక్షకభటులకు 112 ద్వారా కబురు పంపవలయును. కత్తిని కడుగుట, దాచుట, పాఱిపోవుట నిజముగా ఆత్మరక్షణ చేసికొన్నవానికి సైతము చేటు తెచ్చును. ఉన్నది యున్నట్లు మొదటనే చెప్పుట వానికి మేలు.

పెద్దలారా, ఈ విషయమున మీ బాధ్యత చట్టముకంటె ముందు మొదలగును. గట్టు తగవులు, నీటి తగవులు, పెండ్లిలో మాటపట్టింపులు ఎప్పుడు ముదురుచున్నవో రక్షకభటులకంటె ముందుగా మీకే తెలియును. తగవు తీర్చుటకు ఇరుపక్షములను పిలిచినపుడు పనిముట్లన్నియు ఇంటనుంచి రండని ముందుగానే కబురు పంపుడు. సంబరములకును, జాతరలకును పోవు పడుచువారిని కల్లు త్రాగిన వేళ కత్తి ముట్టనీయకుడు. తోటనుండి వచ్చినవాడు కత్తిని ఇంటిచూరులోనో, గూటిలోనో పెట్టి తరువాతనే వీధిలోనికి పోవలెనన్న కట్టుబాటు ప్రతి యింటను ఏర్పఱచుడు. ఎవనికైన ప్రాణభయ మున్నదని తెలిసినచో వానిని పరిహసింపక, తోడు మనిషినిచ్చి పంపుడు, మీరే వెంటబెట్టుకొని ఠాణాకు పోయి వ్రాతమూలకముగా తెలుపుడు. ఒంటరితనమే వానిచేత కత్తి పట్టించుచున్నది. ఊరు తోడుగా నిలిచిననాడు దాని అవసరము చాలవఱకు తీఱును.

ఒక్క పోటుతో రెండు కుటుంబములు కూలును. చచ్చినవాని ఇంట దీపమారును. పొడిచినవాని ఇంట తోట తాకట్టుపడును, న్యాయస్థానముల చుట్టు తిరుగుటతో ఏండ్లు గడచిపోవును, వాని పిల్లలు తండ్రి యుండియు లేనివారగుదురు. కావున కత్తిని పనికి వాడుడు, పని ముగియగానే చూరున దోపుడు. “నాయనా, కత్తి ఇంటనుంచి రమ్ము, నీకు తోడు నేను వచ్చెదను” అని ఒక్క పెద్దమనిషి సమయమునకు చెప్పగలిగినచో, ఆ మాటయే ఆ రాత్రి ఆ రెండు ఇండ్లను కాపాడును.