పతకం అంచున సవారు పేరు

మొదటి ప్రపంచ యుద్ధంలో సికింద్రాబాద్ ఆశ్వికదళం ఫ్రాన్స్‌లో బల్లేలతో చేసిన దాడి మీద ముఖచిత్ర కథనం కావాలన్నారు ఎడిటర్, అదీ బుధవారానికల్లా. దాడి గురించి పుస్తకాల్లో కావలసినంత ఉంది. గుర్రమెక్కిన మనుషుల కోసం వెతికితే మాత్రం దారి చూపింది 36 మిల్లీమీటర్ల వెండి బిళ్ల: బ్రిటిష్ వార్ మెడల్.

ఒకవైపు ఐదో జార్జి తల, రెండోవైపు గుర్రం మీద దిసమొల వీరుడు. అందరి కళ్లూ ఆ బొమ్మల మీదే పడతాయి. చూడాల్సింది అంచు. బిళ్లను వెలుతురుకు ఏటవాలుగా పట్టి మెల్లగా తిప్పితే సన్నని ఇంగ్లిషు అక్షరాలు బయటపడతాయి: నంబరు, హోదా, పేరు, దళం. సవారో దఫేదారో అక్కడే తేలిపోతుంది. ఫ్రాన్స్‌లో చనిపోయి సమాధి దొరకని మన సైనికుల పేర్లు నవ్ షపెల్ స్మారకం మీద 4,700కు పైగా ఉన్నాయి. బతికి ఇంటికొచ్చిన మామూలు సవారుకు ఆ గోడ మీద చోటు లేదు. సర్వీసు కాగితాలా, చాలావరకు మిగల్లేదు. అలాంటివాడికి ఒక్కోసారి ఈ అంచే మిగిలిన సాక్ష్యం.

ఇదే పతకాన్ని కంచుతోనూ పోశారు, కూలి దళాలకూ పటాలం వెంట వెళ్లిన పనివాళ్లకూ ఇవ్వడానికి. వెండివి సుమారు 65 లక్షలు, కంచువి లక్షా పదివేలు. వెళ్లింది ఒకే యుద్ధానికి, పోసింది ఒకే అచ్చులో. లోహం దగ్గర మాత్రం అంతరం చూపారు. నా మటుకు కంచు పతకమే ఎక్కువ విలువైనది. గుర్రానికి దాణా పెట్టినవాడి పేరు ఏ యుద్ధ చరిత్రా రాయలేదు.

ఇక చరిత్ర. నిజాం సొమ్ముతో, బ్రిటిష్ అధికారుల కింద నడిచిన హైదరాబాద్ కంటింజెంట్ 1903లో ఇండియన్ ఆర్మీలో కలిసింది. అందులోని మొదటి లాన్సర్లే 20వ డెక్కన్ హార్స్. 1914లో సికింద్రాబాద్ బ్రిగేడ్‌తో ఫ్రాన్స్ చేరి, 1916 జూలై 14 సాయంత్రం సొమ్ దగ్గర హై వుడ్ పక్కన పంటచేలల్లోంచి బల్లేలతో దూసుకెళ్లింది. 1921లో 29వ లాన్సర్లతో కలిసింది. నేటి డెక్కన్ హార్స్ ట్యాంకుల దళం. పేరు మనదే అయినా సవార్లలో ఎక్కువమంది సిక్కులు, జాట్లు, దక్కనీ ముస్లింలు. యుద్ధజాతులన్న బ్రిటిష్ లెక్కలో తెలుగువాళ్లకు దక్కిన చోటు తక్కువే.

మీ ఇంట్లో పతకం ఉంటే

అది గుండ్రటి బిళ్ల కాక, అదే యుద్ధానికిచ్చిన నక్షత్రం ఆకారపు కంచు పతకమైతే వెనకవైపు చూడండి, పేరు అక్కడ ఉంటుంది. మధ్యలో 1914 మాత్రమే ఉంటే ఆ ఏడాది ఆగస్టు 5, నవంబరు 22 మధ్య ఫ్రాన్స్‌లోనో బెల్జియంలోనో పనిచేసినట్టు. బజారులో గుండ్రటి పతకం కొనేవాళ్లు అడ్డుకొలత తీయించాలి. పాత పేరు ఆకురాయితో అరగదీసి కొత్తది చెక్కితే ఆ కొలత తగ్గుతుంది.

చింతపండుతో తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. అమ్మాల్సి వచ్చినా, కరిగించాల్సి వచ్చినా ముందు అంచు చుట్టూ ఫొటోలు తీసి దాచండి.