పెరటిదొడ్డిలో పలు ఏండ్ల కూరగాయలు వేయవచ్చునా?

బెండ, వంగ, గోరుచిక్కుడు ఒక పంటకాలముతో ముగియును. దొండ, మునగ, కరివేప అట్లు కాదు. ఒకసారి నాటిన ఏండ్ల తరబడి ఫలమిచ్చును. ఏటేట దున్నుట, విత్తనము కొనుట, నారు పోయుట తప్పును. ఈ లాభమును చూచి కొందరు రైతులు ఉన్న నాలుగైదు సెంట్ల దొడ్డినంతయు వీనితోనే నింపుచుందురు. అట్లు చేయుటకు ముందు ఈ క్రింది సంగతులు ఆలోచించవలెను.

1. భూమి: ఏడాది కౌలు నేలలో దొండపందిరి వేయరాదు. గుంజలకు, తీగకు అగు ఖర్చంతయు మొదటి ఏడే పడును. అది తిరిగి రావలెనన్న రెండు మూడేండ్లు కాపు తీయవలెను. నేల ఎన్నాళ్లు చేతిలో ఉండునో తెలియనిచో విత్తనపు మునగ మేలు. తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయమువారు 1989లో విడుదల చేసిన పి.కె.యం.-1 రకము విత్తిన ఆరు నెలలకు కాపుకు వచ్చును. కాపు ముగిసిన పిదప మూడడుగుల ఎత్తున నరికిన, మరల చిగిర్చి కాయును.

2. నీరు: దొండకు వేసవిలో తడి తప్పరాదు. చైత్ర వైశాఖములలో బావి ఎండిపోవు చోట దొండను మానుకొనుట మంచిది. మునగ వేరు ఊనిన తరువాత ఎండకు తట్టుకొనును. నీరు నిలుచు పల్లపు నేల రెంటికిని పనికిరాదు.

3. కలుపు: తుంగ, గరిక ఉన్న నేలను వేసవిలో లోతుగా త్రవ్వి, దుంపలను, వేళ్లను ఏరివేసిన తరువాతనే నాటవలెను. పాదు ఒకసారి నిలిచినచో దాని మొదట గడ్డపార వేయుటకు వీలుండదు.

4. నీడ, పురుగు: చలికాలమున సూర్యుడు దక్షిణముగా నడచుటచే నీడ ఉత్తరమునకు పడును. కావున మునగను, కరివేపను దొడ్డికి ఉత్తరపు గట్టుననే నాటవలెను. ఏడాది పొడవున కాయ ఉండు దొండపై పండుఈగ తిష్ఠ వేయును. పుచ్చిన, రాలిన కాయలను ఎప్పటికప్పుడు ఏరి లోతుగా పాతిపెట్టవలెను.

దొండను గింజతో వేయరాదు. గింజమొక్కలలో పోతుతీగలు కూడ వచ్చును, అవి కాయవు. బాగుగా కాయుచున్న తీగనుండి నాలుగు కణుపులుగల ముదురు ముక్కలను కోసి నాటవలెను.

అయిదు సెంట్ల దొడ్డి ఉన్నచో ఒక సెంటును మాత్రమే ఈ మొక్కలకు విడువుడు. రెండు దొండపాదులు, ఒక మునగ, ఒక కరివేప సామాన్య కుటుంబమునకు చాలును. అంతకు మించి వేసినచో దినదినము అదే కూర తినవలెను, లేక సంతకు మోయవలెను. మిగిలిన నాలుగు సెంట్లలో ఆకుకూరలు, వంగ, బెండ, చిక్కుడు మార్చి మార్చి వేయుడు. ఏటేట పైరు మార్చుటచే నేలలోని తెగుళ్లు, వేరుబుడిపె నులిపురుగులు తగ్గును. ఒకేచోట ఏండ్ల తరబడి నిలుచు మొక్కతో ఈ మేలు కలుగదు.

నేల, నీరు నిలకడగా ఉన్నవారు ఈ తొలకరికే నాటవచ్చును. లేనివారు ఒక్క మునగతో మొదలుపెట్టుట క్షేమము.